లే అంటే పడవే

బర్మాలోని తాకేటా పేటలో, పజుండౌంగ్ కాలువకు కూతవేటు దూరంలో, ఇడ్లీకొట్టు రాజ్యం ఇంటి ముందు కొన్నేళ్లుగా ఒక పడవ నేల మీదే నిలబడి ఉంది. రెండు చక్రాల ట్రెయిలర్ బండి, దాని మీద తెల్లటి చిన్న ఫైబర్ పడవ. ఒక్కనాడూ నీళ్లలోకి దిగిన పాపాన పోలేదు. సైకిళ్లకు అడ్డం, పిల్లులకు కాపురం. వీధిలో అందరూ చూసి నవ్వేవాళ్లు. నవ్వనీ! రాజ్యానికి నవ్వులు కొత్తా?

పడవ ముక్కు మీద నల్లరంగుతో తెలుగులో ఒకే ఒక్క అక్షరం రాయించింది: లే. ఇదేమిటమ్మా, లెమ్మంటున్నావా, కూర్చోమంటున్నావా అని ఎవరైనా అడిగితే, "నీ ఇష్టమొచ్చినట్టు సదువుకో" అనేది. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు.

ఈ లే సంగతి చెప్పకపోతే రాజ్యం కడుపుమంట ఎవరికీ అర్థం కాదు. బర్మా భాషలో పడవకూ గాలికీ మధ్య తేడా ఒక్క ఊపిరి. పడవ కావాలంటే ఊపిరి వదులుతూ 'హ్లే' అనాలి. గాలికి అదేం అక్కర్లేదు, ఉత్త 'లే' చాలు. మరి మనవాళ్ల నోట్లో ఊపిరి ఎక్కడ నిలుస్తుంది? విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల నుంచి రేవు పనికొచ్చిన తాతలు భోజనాన్ని బోజనం అన్నారు, ధనాన్ని దనం అన్నారు. మనవలు అదే నోటితో గాలినీ లే అన్నారు, పడవనూ లే అన్నారు. ఎవరు ఎప్పుడు ఏది అడుగుతున్నారో వినేవాళ్లకు తెలుస్తూనే ఉంది. బజారులో కూరలమ్మే బర్మా ఆడవాళ్లు సైతం ఒక నవ్వు నవ్వి అర్థం చేసుకుంటారు. ఒక్క లింగరాజుకే అర్థం కాలేదట!

లింగరాజు పరాయివాడైతే పోనీ అనుకోవచ్చు. రాజ్యం మొగుడు దేముడికి వరసకు అన్న. ఇద్దరూ ఒకే వీధిలో బూరుగు కాయల్లా దొర్లి పెరిగినవాళ్లు. నాలుగు డబ్బులు చేతిలో ఆడేసరికి లింగరాజు కాస్తా బర్మా పేరు పెట్టుకుని ఊ లిన్ ఔంగ్ అయిపోయాడు. వీధిలో మొదటి మేడ కట్టాడు. తెలుగులో పలకరిస్తే మూతి తిప్పుకునేవాడు. ఇక ఆయనగారు హ్లే అంటుంటే చూడాలి, ఎదురుగా ఉన్నవాడు మొహం తుడుచుకోవలసిందే.

కూతురు భానుప్రియ చంకలో పిల్లగా ఉన్నప్పుడు వచ్చింది ఆ పెద్ద తుఫాను. తెల్లారేసరికి కాలువ వీధిలో ఉంది. దేముడు పెళ్లాన్నీ పిల్లనూ పక్కింటి రేకుల మీదికి ఎక్కించాడు. తనూ ఎక్కితే రేకులు విరుగుతాయని కింద ఛాతీలోతు నీళ్లలో కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడొచ్చింది లింగరాజు పడవ. నడుమ టార్పాలిన్ కప్పి ఏదో ఉంది, వెనక లింగరాజు తెడ్డు వేస్తున్నాడు. దేముడు చెయ్యెత్తి, "అన్నా! లే! లే!" అని అరిచాడు. లింగరాజు తలెత్తి చూశాడు. తిన్నగా దేముడి మొహంలోకే చూశాడు. చూసి, పడవ ముక్కు అటు తిప్పుకుని వెళ్లిపోయాడు. పైనుంచి రాజ్యం కళ్లారా చూసింది. కాసేపటికి ఎవరింటి దూలమో కొట్టుకొచ్చి స్తంభానికి తగిలింది. నీళ్లు తీసిన తర్వాత దేముడు వంతెన కింద దొరికాడు.

సరే, భయపడ్డాడు, పారిపోయాడు అనుకుందాం. భయం ఎవరికైనా ఉంటుంది. టార్పాలిన్ కింద పిల్లలున్నారేమో, బరువెక్కువై మునిగిపోతామనుకున్నాడేమో అని రాజ్యం తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకుంది. ఆ మనిషి కోసం మనసులో వదిలిన సందు అదొక్కటే. కానీ పెద్దకర్మ రోజు, విస్తళ్ల ముందు కూర్చుని, ఆయన అన్న మాట ఏమిటో తెలుసా?

"నాకేం తెలుసు? లే, లే అని అరుస్తున్నాడు. గాలి, గాలి అంటున్నాడనుకున్నా. గాలి వీస్తోందని నాకు మాత్రం తెలీదా? మన దేముడికి హ్లే అనడం ఎప్పుడొచ్చింది గనక!"

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజ్యం తల తిప్పి చూస్తే ఎదురింటి చిలకమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ రోజుతో మొదలైంది. దేముడు గాలిని పిలిచాడు, గాలొచ్చి తీసుకుపోయింది అని వీధంతా ఒకటే మాట. అమ్మవారి పండగలో ఆ మాట, పెళ్లి భోజనాల్లో ఆ మాట. పిల్లలు బర్మా సరిగ్గా పలకకపోతే లింగరాజే దగ్గరకు పిలిచి, "ఊపిరి పెట్టి పలకండర్రా, లేకపోతే దేముడిలా ఊపిరి పోతుంది" అని బుగ్గలు పుణికేవాడు. ఒకసారి ఆ పిల్లల్లో భానుప్రియ కూడా ఉంది. ఇంటికొచ్చి, "అమ్మా, నాన్న ఎందుకు సరిగ్గా పలకలేదు?" అని అడిగింది. ఆ పూట రాజ్యం పళ్లు నూరిన చప్పుడు పిల్లకు వినపడింది.

మొగుణ్ని గాలికి వదిలేసినందుకు ఆమెకు మంట. మొగుణ్ని నవ్వులపాలు చేసినందుకు అంతకు పదింతల మంట. ఆమెకు కావలసింది ఒక్కటే. 'ఆ రోజు నాకు అర్థమైంది' అని లింగరాజు తన నోటితో, పదిమందీ వింటుండగా అనాలి. అది వినకుండా తను చావకూడదు. వాడు చావకూడదు.

పడవ ఎలా వచ్చిందంటే, రాజ్యం కొన్నాళ్లు ఒక దొర ఇంట్లో వంట చేసింది. ఆయనకు చేపల పిచ్చి. దేశంలో రోజులు బాగులేక దొర పెట్టె సర్దుకున్నప్పుడు, ఏం కావాలో తీసుకో అన్నాడు. బీరువా అడుగుతుందనుకున్నాడు పాపం, పడవ అడిగింది. దొరకు వచ్చిన బర్మా బొటాబొటి, ఆయన నోటికీ హ్లే పలకదు. పడవ అడుగున ఉన్న బిరడా చూపిస్తూ, "లే వస్తే, నీళ్లు నింపు. లే వస్తే, నీళ్లు తియ్యి" అన్నాడు. వినేవాళ్లకు మతిపోవాలి. రాజ్యానికి మాత్రం చటుక్కున అర్థమైంది. గాలొస్తే పడవ లేచిపోకుండా కడుపునిండా నీళ్లు నింపి బరువెక్కించాలి, వరదొచ్చి పడవగా పనికిరావాలంటే బిరడా లాగి ఆ నీళ్లు వదిలేసి మళ్లీ బిగించాలి. అంతే కదా! ఎక్కడివాడో తెల్లవాడి లే తనకు అర్థమైంది. తోడబుట్టినంతవాడి లే లింగరాజుకు అర్థం కాలేదా? ఇంటికొచ్చిన దారంతా రాజ్యం తిట్టుకుంటూనే వచ్చింది. మర్నాడే రంగు కొని ఆ అక్షరం రాయించింది.

ఇదిగో, ఇప్పుడు మళ్లీ తుఫాను. ముందు రోజు నుంచే ఫోన్లు మోగుతున్నాయి. రాజ్యం, భానుప్రియ కలిసి కుళాయి గొట్టం పెట్టి పడవలో నీళ్లు నింపారు, ట్రెయిలర్ చక్రాల్లో గాలి తీసేశారు, పట్టీలు బిగించారు, పడవ నుంచి పొడుగాటి తాడు ఒకటి కరెంటు స్తంభానికి కట్టారు. జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని బడి మేడ ఎక్కుతున్నారు. చిలకమ్మ ఆగి పిలిచింది.

"రాజ్యమప్పా, ఏటా మొండితనం? ఆడపిల్లని తీసుకుని మేడెక్కీయే!"

"నువ్వెక్కే తల్లీ. నవ్వుకోడానికి పైనుంచయితే బాగా కనపడతాది" అంది రాజ్యం.

లింగరాజు ఇంట్లోవాళ్లందరినీ ఇన్సేన్‌లో ఉన్న కూతురింటికి పంపేసి, సామాను కాపలాకు తానొక్కడూ మేడ మీద ఉండిపోయాడు. లోపలికి వెళ్తూ వెళ్తూ రాజ్యం పడవ వైపు చూసి, "తొట్టిలో నీళ్లు నింపావేం, చేపలు పెంచుతావా?" అని బర్మాలో అడిగి మరీ తలుపేసుకున్నాడు.

మధ్యాహ్నానికి గాలి దిగింది. దిగడమంటే మామూలుగానా! ముందు కొట్టు తడికలు పోయాయి, తర్వాత ఇంటి రేకులు ఒక్కొక్కటే లేచి ఎటు పోయాయో కూడా తెలియలేదు. తల్లీకూతుళ్లు ట్రెయిలర్ పక్కన, పడవ చాటున నేలకు కరుచుకుని కూర్చున్నారు. నీళ్ల బరువుకు పడవ కదల్లేదు. వీధిలో కార్లు వెనక్కి జరుగుతుంటే ఆ చిన్న పడవ అంగుళం కదిలితే ఒట్టు. భానుప్రియ అమ్మ చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు రెండు పగిలాయి.

అప్పుడు నేల తడిగా తగిలింది. కాలువ వస్తోంది.

"బిరడా లాగే!" అని అరిచింది రాజ్యం. భానుప్రియ పడవ వెనక్కి పాకి బిరడా లాగింది. లోపలి నీళ్లు ధారగా పోతున్నాయి, బయటి నీళ్లు పాదాల నుంచి పిక్కలకు ఎక్కుతున్నాయి. బయటి నీళ్లు బిరడా బొక్క దాకా వచ్చేలోపు లోపలివి పోవాలి, లేదంటే పడవ ఇక్కడే మునిగి కూర్చుంటుంది. రాజ్యం ఆ బిరడా అందుకుని పళ్లతో కరిచిపట్టుకుని, ఇత్తడి చెంబుతో తోడి పోస్తూనే ఉంది. నీళ్లు మోకాలు దాటాక బిరడా బిగించి, పట్టీలు విప్పి, కూతుర్ని లోపలికి తోసి తానూ పడింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పడవ ట్రెయిలర్ మీద ఒకసారి ఒరిగి, గీరుకుని, తేలింది. ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్లకు నీళ్లు చూసింది. రాజ్యం గొల్లున ఏడ్చింది, అంతలోనే కొంగుతో మొహం తుడుచుకుంది.

స్తంభానికి కట్టిన తాడు పట్టుకుని, అడుగున పడుకుని, ఒకరు తోడుతుంటే ఒకరు మొక్కుకుంటూ ఎంతసేపు గడిపారో వాళ్లకే తెలియదు. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. కొమ్మ కదలడం లేదు. పైన మబ్బు విడిపోయి వెలుతురు కూడా వచ్చింది.

"అయిపోయిందా అమ్మా?"

"అయిపోలేదే. నడుమ ఇలగే ఆగతాది. రెండోపక్క నుంచి మళ్లీ వస్తాది" అంది రాజ్యం లేచి కూర్చుంటూ. వీధి మొత్తం బురదనీళ్లు. బడి మేడ మీద జనం తలలు కనపడుతున్నాయి. లింగరాజు మేడ ముందు గోడ లేదు, లోపలి గదులు బయటికి కనపడుతున్నాయి. ఆ ఇంటి పెరట్లో ఇనుప స్టాండు మీద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు. స్టాండు ఒక పక్కకు వాలింది. దాని మీద, బనీనుతో, ఊ లిన్ ఔంగ్ గారు.

ఆయన రాజ్యాన్ని చూశాడు. పడవను చూశాడు. రెండు చేతులూ ఎత్తాడు.

"లే!" అని అరిచాడు. "లే! లే!"

ఊపిరి లేదు. నలభై ఏళ్లుగా జనం మొహాన చల్లిన ఆ ఊపిరి చావుభయంలో ఎటో పోయింది. వట్టి లే, అచ్చం దేముడి లే. భానుప్రియ ఠక్కున తల్లి మొహంలోకి చూసింది.  రాజ్యానికి నవ్వాలో అరవాలో తెలియలేదు.

స్తంభానికి కట్టిన తాడు విప్పుకుని, అడుగున పెట్టుకున్న వెదురు గెడ వేసి పడవను ఆ ఇంటి పెరటి గోడ దాకా తోసింది. ఆయన దూకితే పడవ అందనంత, తాడు విసిరితే మాత్రం అందేంత దూరంలో ఆపింది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏటి ఊ లిన్ ఔంగ్ గారూ? లేనా? గాలేదండీ? ఆగిపోనాది కదా!"

"రాజ్యం! ఆటలాడకే! పడవ, పడవ తే!" అన్నాడాయన తెలుగులో. ఎన్నేళ్లకు తెలుగు!

"మా ఆయన కూడా అదే అన్నాడు బావా. నీకు గాలని ఇనపడ్డాదట గదా."

స్టాండు కిర్రుమంది. ఆయన ట్యాంకును కావలించుకున్నాడు. భానుప్రియ తాడు చేతిలోకి తీసుకుంది. "అమ్మా, పడిపోతాడమ్మా. ఇసిరేద్దాం, ప్లీజ్" అంది. రాజ్యం ఆ తాడు లాక్కుని తన చేతికి చుట్టుకుంది.

"ఒక్క మాట సెప్పు బావా. ఆ రోజు నీకు తెలిసిందా, తెలీలేదా?"

లింగరాజు ట్యాంకు వదలకుండానే తల తిప్పాడు. బడి మేడ వైపు చూశాడు. అక్కడ పిట్టగోడ దగ్గర చిలకమ్మ, ఆమె వెనక వీధి మొత్తం. గాలి లేదేమో, ఇక్కడ దగ్గితే అక్కడ వినపడుతుంది.

"తెలిసింది" అన్నాడు లోగొంతుకతో.

"ఏటి? గాలికి ఇనపడ్లేదు."

ఆకు కదలడం లేదు మరి!

"తెలిసిందే! పడవనే అన్నాడు! నాకు తెలిసింది!"

"గట్టిగా సెప్పు. గాలి."

"పడవనే అన్నాడు! నాకు తెలిసే ఎల్లిపోనాను!" అని ఆయన గొంతు చించుకున్నాడు.  చిలకమ్మ కొంగు నోటికి పోలేదు, రెండు చేతులూ గోడ మీదే ఉండిపోయాయి.

కోరుకున్నది జరిగింది. రాజ్యం తాడు విప్పుకోబోయింది. అక్కడితో వదిలేస్తే సరిపోయేది. కానీ ఆ టార్పాలిన్ గుర్తొచ్చింది. ఇన్నేళ్లు దానికోసమే కదా ఆ సందు వదిలింది!

"పిల్లలున్నారా బావా, టార్పాలిన్ కింద? పిల్లల కోసం ఎల్లిపోనావా?" అంది. ఆ అడగడంలో బతిమాలుకున్నట్టు ఉంది. అవునంటే క్షమించేదేమో కూడా.

లింగరాజు తల అడ్డంగా ఊపాడు. అబద్ధం ఆడే ఓపిక కూడా పోయింది ఆయనకు. "ఫ్రిజ్జు" అన్నాడు. "కొత్త ఫ్రిజ్జే రాజ్యం. తడిసిపోతాదని."

ఫ్రిజ్జు! రాజ్యానికి ఆ ఫ్రిజ్జు తెలుసు. ఎర్రది. ఏటా అమ్మవారి పండగకు మజ్జిగలోకి ఐసు ఆ ఇంటి నుంచే వచ్చేది. అందరితోపాటు తనూ తాగింది, పిల్లకు తాగించింది, చల్లగా ఉందని మెచ్చుకుంది కూడా.  పడవ అంచు మీదికి వంగి వాంతి చేసుకుంది.

ఆ వంగినప్పుడు గెడ ఎవరు తోశారో గాని పడవ మూరెడు వెనక్కి జరిగింది. రాజ్యం తలెత్తింది. గెడ భానుప్రియ చేతుల్లో ఉంది. ఇందాక ప్లీజ్ అన్న పిల్ల మొహం పాలిపోయి ఉంది.

"నాకూ ఇనపడ్లేదమ్మా. గాలి" అంది భానుప్రియ.

లింగరాజు పిలిచాడు. లే అన్నాడు, పడవ అన్నాడు, అమ్మా అన్నాడు, చివరికి నానూ లింగరాజునే, మీ లింగరాజునే అన్నాడు. దక్షిణం వైపు ఆకాశం నల్లబడుతోంది. దూరాన ఎక్కడో రేకులు మోగడం మొదలైంది. మేడ మీంచి చిలకమ్మ, "రాజ్యమప్పా!" అని ఒక్క కేక వేసి ఊరుకుంది. ఏమని చెబుతుంది? తప్పని చెప్పే మొహం ఆ వీధిలో ఎవరికుంది?

రాజ్యం ఆ నల్లబడే ఆకాశాన్ని చూసింది, కూతుర్ని చూసింది. ఈ మనిషి ఇప్పుడు పోతే ఏమవుతుంది? పాపం ఊ లిన్ ఔంగ్ అంటారు. ఫోటోకు దండ వేస్తారు. చచ్చినవాడి మీద ఎవరూ నవ్వరు, ఒక్క దేముడి మీద తప్ప. ఊహూఁ, అంత సుఖంగా పోనిస్తుందా? ఉండాలి. ఉండి, రోజూ ఈ వీధిలోనే నడవాలి. మజ్జిగ గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ ఆయన మొహం చూసి ఫ్రిజ్జు గుర్తు చేసుకోవాలి.

"గెడ ఇలాగియ్యి" అంది. భానుప్రియ ఇవ్వలేదు. రాజ్యం లాక్కుని, నాలుగు తోపులు తోసి, తాడు విసిరింది. లింగరాజు తాడు నడుముకు చుట్టుకుని దూకుతుండగానే స్టాండు పక్కకు ఒరిగి ట్యాంకుతో సహా నీళ్లలో కూలింది. తల్లీకూతుళ్లు ఆయన్ను రెక్క పట్టి లోపలికి ఈడ్చారు. రాజ్యం స్తంభం దాకా గెడ వేసి పడవను మళ్లీ కట్టేసరికి రెండోపక్క గాలి వచ్చి పడింది.

ముగ్గురికి సరిపడే పడవ కాదది. ప్రతి కెరటానికీ నీళ్లు లోపలికి వస్తున్నాయి. రాజ్యం ఇత్తడి చెంబు తీసి లింగరాజు చేతిలో పెట్టి, తోడమని వేలు చూపించింది. ఆయన తోడాడు. వాన మొహం మీద కొడుతుంటే, ఆగకుండా తోడాడు. భానుప్రియ తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఆయన్నే చూస్తూ పడుకుంది. ఆ పిల్ల కళ్లకు భయపడి ఆయన అటు తిరగనే లేదు.

చీకటి పడకముందే గాలి నెమ్మదించింది. లింగరాజు చెంబు బోర్లించి పక్కన పెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"రాజ్యం, మొదట్లో నాను పిలిసినప్పుడు నీకు నిజంగా ఇనపడ్లేదేటే?"

రాజ్యం కొంగు పిండుకుని తల తుడుచుకుంటోంది.

"ఇనపడ్డాది బావా" అంది. "మొదటిసారే ఇనపడ్డాది. నీకు లాగే."